కవిరాజుని ఫ్లెక్సీ మీంచి కిందికి దించుదాం

మాఘమాసం వచ్చిందంటే మా పెదకాకానిలో షామియానాలకి తీరికుండదు. మల్లేశ్వరస్వామి గుడి కాడ ఒకే ముహూర్తానికి నాలుగైదు జంటలు పీటల మీద కూర్చోటం మాకు మామూలే. అట్టాంటి ముహూర్తంలో మా వీధి పిల్లోడొకడు పెళ్ళి చేసుకున్నాడు. డిగ్రీ చదివాడు, గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా పని. పెళ్ళైన నాలుగో రోజు టీ కొట్టు కాడ కనపడి నన్నొక మాట అడిగాడు. పంతులుగారు తన చేత గంట సేపు ఏదో పలికించాడంట, తాను ఏం ఒప్పుకున్నాడో నాకేమన్నా తెలుసా అని. నాకూ తెలవదు. కొట్టు కాడ ఉన్న పదిమందిలో ఎవురికీ తెలవదు. బండి లోను కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నాలుగుసార్లు చదివించుకునే మనం, బతుకంతా కట్టుబడి ఉండాల్సిన ఒప్పందం కాడ మాత్రం చెప్పింది చెప్పినట్టు అనేసి లేచొస్తన్నాం.

ఆ పిల్లోడు అడిగిన మాటే, వాడు పుట్టకముందు ఎప్పుడో ఒకాయన అడిగాడు. అడిగి ఊరుకోలేదు. పెళ్ళి తంతు మొత్తాన్నీ తెలుగులో రాసి, తానే పంతులుగా కూర్చుని పెళ్ళిళ్ళు చేయించాడు. మా ఊరికి 20, 25 కిలోమీటర్ల దూరంలో తెనాలిలో కాపరం ఉన్నాడు. పేరు త్రిపురనేని రామస్వామి చౌదరి. జనం కవిరాజు అన్నారు.

మీలో చానామంది ఆయన బొమ్మ చూసే ఉంటారు. కులపోళ్ళ వనభోజనాల ఫ్లెక్సీల మీద, సంఘం కేలండర్ల మీద కనపడతా ఉంటాడు. బొమ్మ చూసినోళ్ళు వందల మంది, పుస్తకం తెరిచినోళ్ళు ఒకళ్ళో ఇద్దరో. ఫ్లెక్సీ కట్టిన కులపోళ్ళు ఆయన మాది అనుకుంటన్నారు. మిగతా వీధులోళ్ళు అయితే మాకెందుకులే అనుకుంటన్నారు. ఇద్దరూ నష్టపోతన్నారు. అందుకే ఆయన బతుకు కత ఈ వారం చెబుతున్నా. నాది పెద్ద చదువేం కాదు. గ్రంథాలయంలో కూర్చుని ఒక్కో పుస్తకం కూడబలుక్కుంటా చదువుకున్నోణ్ణి. కాబట్టి చదువుకున్నంత వరకే చెబుతా.

కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర అంగలూరు. 1887 జనవరి 15న, సంక్రాంతి రోజుల్లో, ఒక రైతు ఇంట్లో పుట్టాడు. సేద్యం చేసుకునే కుటుంబాల్లో పిల్లోడు బడికి పోవటమనేది ఆ రోజుల్లో నీటి వసతి ఉంటే వేసే పంట లాంటిది. తీరినప్పుడు పోవటం, తీరకపోతే మానటం. రామస్వామి మెట్రిక్యులేషన్ గట్టెక్కేసరికి 23 ఏళ్ళొచ్చాయి. ఇప్పుడు మనోళ్ళు పదో తరగతి ఒకసారి తప్పితేనే తల దించుకు తిరుగుతన్నారు. ఆయన మెట్రిక్ దాటిన ఆ రోజుల్లోనే, 1910లో, ఆయనకి కొడుకు పుట్టాడు. ఆ కొడుకే తర్వాత నవలలు రాసి, సినిమాలు తీసిన గోపీచంద్. అంటే పెళ్ళై, బిడ్డ తండ్రై, అప్పుడు కాలేజీ గుమ్మం తొక్కాడు మన కవిరాజు.

కాలేజీ ఏదంటే బందరు నోబుల్ కాలేజీ. ఆడ ఇంటర్ చదువుతానే అవధానాలు చేశాడు. అవధానం అంటే తెలుసుగా, చుట్టూ కూర్చున్నోళ్ళు తలా ఒక చిక్కు వేస్తా ఉంటే అన్నిటికీ గుర్తు తప్పకుండా పద్యాల్లో జవాబు చెప్పటం. పండితుల పిల్లలు చిన్నప్పటి నుంచి నూరిపోయించుకునే విద్య అది. సేద్యగాళ్ళ ఇంటి నుంచొచ్చినోడు ఆ బరిలో దిగి నిలబడ్డాడు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తది.

ఇంకా విద్యార్థిగా ఉండగానే రెండు నాటకాలు రాశాడు. ఒకటి కారెంపూడి కదనం. మన పల్నాడు యుద్ధం కత. రెండోది కురుక్షేత్ర సంగ్రామం. మొదటిది మన నేల మీద జరిగిన అన్నదమ్ముల కొట్లాట, రెండోది మహాభారతంలో జరిగిన అన్నదమ్ముల కొట్లాట. రెండోదాంట్లో ఆయన చేసిన పని చూడండి. కత ఎప్పుడూ పాండవుల వైపు నుంచే వింటన్నాం గదా, మరి ఓడిపోయినోడి వైపు వాదన ఎవురు వినిపించాలి అని దుర్యోధనుడి పక్షాన నిలబడ్డాడు. కొత్త కత అల్లలేదు. ఆ పాత భారతంలోంచే ముక్కలు ఏరి ముందు పెట్టి, రాజ్యం మీద హక్కు ఎవురిదో మీరే తేల్చండని చూసేవాళ్ళ మీద పెట్టాడు.

నాకు ఆయన బతుకంతా ఈ ఒక్క పనిలోనే కనపడతది. చేతిలోకి తీసుకున్న రూపం మారతా వచ్చింది. నాటకం, పద్యకావ్యం, శతకం, పాట, చివరికి పెళ్ళి పుస్తకం. పని మాత్రం ఒకటే. గెలిచినోళ్ళు రాయించుకున్న తీర్పు మీద, ఓడినోళ్ళ తరపున అప్పీలు వెయ్యటం.

అప్పీలు వెయ్యటం నేర్చుకోటానికి నిజంగానే లా చదివాడు. 1914లో ఐర్లాండు వెళ్ళాడు, డబ్లిన్ నగరానికి. అప్పటికి ఐర్లాండు కూడా మన లాగే ఇంగ్లీషోళ్ళ కింద ఉన్న దేశం. మనోళ్ళు అక్కడికి చదువులకి పోవటం ఆ రోజుల్లో బానే ఉంది. మాలపల్లి నవల రాసిన మన గుంటూరు జిల్లా ఉన్నవ లక్ష్మీనారాయణ, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి కూడా ఆ ఏళ్ళల్లోనే డబ్లిన్‌లో చదివారు. 1916 ఏప్రిల్లో ఆ నగరం నడివీధుల్లోనే ఐరిష్ వాళ్ళు ఇంగ్లీషు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఈస్టర్ తిరుగుబాటు అంటారు. వారం లోపే దాన్ని అణిచేసి, నాయకుల్ని కాల్చి చంపారు. ఆ నాయకుల్లో కవులున్నారు, పంతుళ్ళున్నారు. రామస్వామి చదువు సాగింది ఆ కాలంలోనే. అక్కడి నుంచే కృష్ణాపత్రికకి రాసి, హోంరూల్ ఉద్యమానికి అండగా నిలవమని తెలుగోళ్ళని అడిగాడు.

1917లో బారిస్టరుగా తిరిగొచ్చాడు. బందరులో ప్రాక్టీసు పెట్టాడు. చక్కగా నల్లకోటు వేసుకుని, పొలం తగాదాలు చూసుకుంటా ఇల్లు కట్టుకుని ఉండొచ్చు. బారిస్టరు అంటే అప్పుడు జనం దణ్ణం పెట్టేవాళ్ళు. ఆయన మాత్రం వేల ఏళ్ళ కిందటి హత్య కేసు ఒకటి తిరగదోడాడు. చచ్చిపోయినోడి పేరు శంబూకుడు.

ఇది మనోళ్ళలో చానామందికి తెలవని కత. రామాయణం ఉత్తరకాండలో ఉంది. శ్రీరాముడు పట్టాభిషేకమై రాజ్యం చేస్తన్నాడు. ఒక బ్రాహ్మణుడు చచ్చిపోయిన తన కొడుకుని ఎత్తుకుని రాజు గుమ్మం ముందుకొచ్చి, నీ రాజ్యంలో ఏదో పాపం జరిగింది, అందుకే నా బిడ్డ పోయాడని ఏడ్చాడు. ఆ పాపం ఏందా అని విచారిస్తే, ఒక శూద్రుడు తపస్సు చేస్తన్నాడని తేలింది. రాముడు పుష్పకం ఎక్కి వెతుక్కుంటా పోయాడు. చెరువు గట్టున తలకిందులుగా తపస్సు చేస్తన్న మనిషి కనపడ్డాడు. నీ కులమేందని అడిగాడు. శూద్రుణ్ణని అతను అబద్ధమాడకుండా చెప్పాడు. కత్తి తీసి తల నరికాడు. అక్కడ తల తెగింది, ఇక్కడ పిల్లోడు లేచి కూర్చున్నాడు. ఉత్తరకాండలో ఉన్న కత ఇంతే.

రామస్వామి 1920లో శంబూక వధ నాటకం తెచ్చాడు. రాముణ్ణి రాక్షసుడిగా చూపించి చప్పట్లు కొట్టించుకోవటం తేలికే. ఆయన అట్టా చెయ్యలా. ఆయన నాటకంలో రాముడు మనసులో ఇష్టం లేకపోయినా, వశిష్ఠుడూ మిగతా పురోహితులూ పెట్టిన ఒత్తిడికి లొంగిపోయిన రాజు. సింహాసనం మీద కూర్చుంది రాముడు, నడిపించేది వేరేవాళ్ళు. శంబూకుడేమో ద్రావిడుడు, చదువుకున్నోడు, తనోళ్ళకి దారి చూపించేవాడు. అట్టాంటోడు బతికుంటే తమ పెత్తనం పోతదని భయపడ్డవాళ్ళు రాజు చేత చంపించారు. ఇదీ ఆయన వాదన. ఒకసారి ఆగి ఆలోచించండి. ఎమ్మెల్యే మంచోడేనంట, చుట్టూ ఉన్నోళ్ళే చెడ్డోళ్ళంట అని మన ఊళ్ళల్లో అంటా ఉంటాం గదా. కవిరాజు చూపించింది దానికి ఇంకో అడుగు ముందు. లొంగిపోయిన మంచోడి చేతిలో కూడా కత్తి ఉంటది, ఆ కత్తికి తల తెగుద్ది.

నాటకం మీద గొడవ కాకుండా ఎట్టా ఉంటది? అయింది. పండితులు తిట్టారు. ఆయన మాత్రం కోర్టులో నిలబడినట్టే నిలబడ్డాడు. సంస్కృత గ్రంథాలు ముందు పెట్టి, ఇది నేను పుట్టించిన కత కాదు, మీ పుస్తకంలో ఉన్నదే, జవాబు చెప్పండన్న తీరులో వాదించాడు. అవధానం చేసిన బుర్ర, బారిస్టరు చదివిన బుర్ర, రెండూ ఒకటైతే ఎట్టా ఉంటదో అప్పుడు తెలిసింది. చదువు రానోడు అడిగితే నోరు మూసుకో అనొచ్చు. పద్యంలో పద్యం, శ్లోకంలో శ్లోకం అప్పజెప్పగలిగినోడు అడిగితే ఏమనాలి? ఇందాక గుర్తు పెట్టుకోమన్నది ఈ ముక్క కోసమే.

1922లో తెనాలి వచ్చి స్థిరపడ్డాడు. తెనాలి అంటే అప్పటికే నాటకాల పెట్టు. శ్రీరామవిలాస సభ ఆడతన్న ఊరు. మన బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు ఆడవేషాలతో జనాన్ని కట్టిపడేస్తన్న కాలం. కరెంటు లేని ఊళ్ళల్లో కూడా హార్మోనీ పెట్టి, తెల్లారిందాకా పద్యాలు పాడించుకుంటా, నచ్చిన పద్యాన్ని వన్స్ మోర్ అని మళ్ళీ మళ్ళీ పాడించుకునేవాళ్ళు. మీకు రీల్స్ ఎట్టానో వాళ్ళకి పద్యం అట్టా.

తెనాలిలో తన ఇంటికి సూతాశ్రమం అని పేరు పెట్టుకున్నాడు. పేరులోనే కిటుకుంది. పురాణాలన్నీ ఎవురు చెప్పారంటే, నైమిశారణ్యంలో శౌనకుడు మొదలైన మునులకి సూతుడు చెప్పాడంటారు. ఆ సూతుడు పై కులంవాడు కాదు. అంటే పురాణం మొత్తం ఒక కింది కులంవాడి నోటి మీదుగా వచ్చిందని వాళ్ళే ఒప్పుకుంటన్నారు. కవిరాజు ఆ నోటినే పట్టుకున్నాడు. సూతపురాణం అని నాలుగు ఆశ్వాసాల పద్యకావ్యం రాశాడు. ఈసారి సూతుడు మునులకి నచ్చే కతలు చెప్పడు. పురాణాల్లో ఒకదానికొకటి పొసగని సంగతులు, దేవుళ్ళ పేరు మీద జరిగిన అన్యాయాలు ఒక్కొక్కటే విప్పుతాడు. కూలోడి చేత యజమాని లెక్కల పుస్తకం చదివించినట్టన్నమాట.

తర్వాత ఖూనీ అనే నాటకం వచ్చింది. వేనుడి కత. పురాణాల్లో వేనుడు చెడ్డ రాజు. యాగాలు చెయ్యొద్దన్నాడు, మునుల మాట లెక్క చెయ్యలేదు, అందుకని మునులే అతన్ని చంపేశారు. ఆ తర్వాత అతని శరీరం మథిస్తే పృథువు పుట్టాడని, మంచి రాజ్యం వచ్చిందని కత ముగిస్తారు. వినేవాళ్ళం కూడా పోన్లే, చెడ్డోడు పోయాడనుకుంటాం. కవిరాజు దానికి పెట్టిన పేరే తీర్పు. ఖూనీ. మన రచ్చబండ మాట. పవిత్రమైన మాటల కింద కప్పెట్టిన శవాన్ని బయటికి తీసి, పోలీసు స్టేషన్లో వాడే పేరుతో పిలిచాడు.

ఇదంతా రాతల్లో. మరి అధికారం చేతికొస్తే ఏం చేశాడు? అదీ చూద్దాం, ఎందుకంటే ఈడ ఆయన నుంచి ఒక పాఠం ఉంది.

1925లో తెనాలి మునిసిపాలిటీ చైర్మన్ అయ్యాడు. గంగానమ్మకి జంతుబలులు ఇవ్వటాన్ని నిషేధించాడు. హేతువాదిగా ఆయనకది న్యాయమైన పని. ఊళ్ళో మాత్రం కోపం పుట్టింది. అవిశ్వాస తీర్మానం పెట్టి కుర్చీ దింపారు. తర్వాత మళ్ళీ ఎన్నికల్లో గెలిచి అదే కుర్చీ ఎక్కాడు. వెనక్కి తగ్గలేదు, జనం కూడా ఆయన్ని వదులుకోలేదు. నాకు మాత్రం ఈ సంగతి చదివినప్పుడల్లా ఒక అనుమానం వస్తది. గంగానమ్మ పెద్ద గుళ్ళ దేవత కాదు, పేదోళ్ళ దేవత. వేపచెట్టు కిందో, ఊరి పొలిమేరలోనో ఉంటది. ఆమె ముందు కోడిని కొయ్యొద్దని మునిసిపాలిటీ కాగితం చెబితే, కూలికెళ్ళే ఆడమనిషి దాన్ని ఎట్టా అర్థం చేసుకుంటది? నాటకంలో ఆయన జనానికి సాక్ష్యం చూపించి తీర్పు వాళ్ళకే వదిలాడు. కుర్చీలో కూర్చున్నప్పుడు తీర్పు తానే ఇచ్చాడు. మొదటిది వందేళ్ళు నిలబడింది. రెండోది అవిశ్వాస తీర్మానం తెచ్చింది. మనలో ఉద్యమాలు చేసేవాళ్ళం, ముందు నాతో సహా, దీన్ని గోడ మీద రాసిపెట్టుకోవాలి.

ఇక పెళ్ళి సంగతికొద్దాం. ఈ వ్యాసం మొదలైందే ఆడ.

పెళ్ళి తంతులో ఏం జరుగుతుందో చేసుకునేవాళ్ళకి అర్థం కావాలనేది ఆయన పట్టు. దానికోసం వివాహ విధి అని పెళ్ళి జరిపించే పద్ధతిని తెలుగులో రాశాడు. రాసి అల్మారాలో పెట్టలా. ఎవురు పిలిస్తే వాళ్ళింటికి పోయి, తానే పీటల ముందు కూర్చుని చానా పెళ్ళిళ్ళు చేయించాడు. డబ్లిన్‌లో చదివొచ్చిన బారిస్టరు, మునిసిపల్ చైర్మన్, పందిట్లో కూర్చుని కొత్త జంటకి తెలుగులో మాటలు చెప్పి పలికించటం ఎట్టా ఉండుంటదో ఊహించుకోండి. ఇట్టా చేసినోడు దేశంలో ఆయనొక్కడే కాదు. మహారాష్ట్రలో జోతిరావ్ ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెట్టి పురోహితుడు లేని పెళ్ళిళ్ళు జరిపించాడు. తమిళనాట పెరియార్ 1928 నుంచి ఆత్మగౌరవ పెళ్ళిళ్ళు చేయించాడు. ఆ పెళ్ళిళ్ళు చెల్లవని కోర్టు అంటే, 1967లో అన్నాదురై ప్రభుత్వం వాటికి ఏకంగా చట్టమే చేసింది. మన తెలుగు నేల మీద అట్టాంటి చట్టం ఈనాటికీ రాలేదు. కవిరాజు విగ్రహాలు పెట్టిన ప్రభుత్వాలేవీ కవిరాజు పెళ్ళికి చట్టం చెయ్యలేదు. పంతులు లేకుండా చట్టం ప్రకారం పెళ్ళి కావాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసుకి పోవాలి, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు గోడకెక్కిందంటే వేరే కులం పిల్లని ప్రేమించినోడి గతి ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లా.

ఒక ప్రశ్న మీరు అడగబోతన్నారని నాకు తెలుసు. జనం మాటలో రాసే ఈ పేజీలో, గ్రాంథికంలో పద్యాలు రాసినాయన్ని ఇంత మోస్తన్నావేందన్నా అని. నిజమే. ఆయన కాలంలోనే గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడతన్నాడు. కవిరాజు పద్యాలు ఈరోజు డిక్షనరీ లేకుండా మనకి మింగుడు పడవు. నేనే సూతపురాణం మొదటిసారి తెరిచి, పది పద్యాలకే మూసేశా. తర్వాత ఊళ్ళో పాత నాటకాలు ఆడిన ఒక పెద్దాయన గొంతెత్తి చదివితే తలకెక్కింది. అప్పుడు తెలిసింది, ఇది కళ్ళతో చదివేది కాదు, చెవుల్తో వినేది. సంతకం రాని రైతు కూడా నాగలి పట్టుకుని నాటకంలో పద్యం పాడుకున్న కాలం అది. ఆయన చేరాలనుకున్న జనానికి అప్పట్లో పద్యమే దగ్గరి దారి. పెళ్ళి కాడికొచ్చేసరికి సంస్కృతాన్ని పక్కన పెట్టి తెలుగు పట్టుకున్నాడు. కోర్టులో వాదించేటప్పుడు ఒక భాష, బిడ్డతో మాట్టాడేటప్పుడు ఒక భాష ఉంటది గదా, అట్టా.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యటం నాకిష్టం లేదు. చేస్తే ఆయనే ఒప్పుకోడు. కాబట్టి ఉన్న కొరత కూడా చెప్పాలి. శంబూకుడి తరపున అంత గట్టిగా వాదించిన ఉద్యమం, మన జిల్లాల్లో ఎక్కువగా భూమి ఉన్న రైతు కులాల గుమ్మాల దాకా వచ్చి ఆగిపోయింది. పైనున్నోడు నన్ను తక్కువగా చూస్తన్నాడన్న కోపం వాళ్ళకొచ్చింది. కింద ఉన్నోణ్ణి నేను ఎట్టా చూస్తన్నానన్న ప్రశ్న అంత గట్టిగా రాలా. అదే గుంటూరు జిల్లాలో, వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా, కవిగా పేరొచ్చాక కూడా కులం అడిగించుకుంటానే బతికాడు. 1922లో కవిరాజు తెనాలి వచ్చాడు. అదే ఏడు ఉన్నవ మాలపల్లి అచ్చయింది, మరుసటేడే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మూడు గొంతులు దగ్గర దగ్గర ఊళ్ళల్లోనే లేచాయి. మూడూ కలిసి ఒకే పందిరి కిందికి వచ్చి ఉంటే మన జిల్లాల చరిత్ర ఇంకోలా ఉండేది. చుండూరు తెనాలికి పక్కనే. అక్కడ 1991లో దళితుల్ని నరికి చంపారు. కులమేందని అడిగి నరికిన కత్తి కత నాటకమై వచ్చిన 71 ఏళ్ళకి, ఆ నాటకకర్త ఊరి పక్కనే అంత పని జరిగింది. ఇది ఆయన తప్పని నేననటం లేదు. ఆయన బొమ్మకి దండ వేసినోళ్ళు ఆయన నాటకం చదవలేదని అంటన్నా.

1943 జనవరి 16న ఆయన పోయాడు. 56వ పుట్టినరోజు దాటి ఒక్కరోజు. సంక్రాంతి రోజుల్లో వచ్చి, సంక్రాంతి రోజుల్లోనే వెళ్ళాడు. తర్వాత గౌరవాలన్నీ వరసగా వచ్చాయి. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద విగ్రహం నిలబెట్టారు. 1987లో, నూరేళ్ళ సందర్భంగా, తపాలా బిళ్ళ వేశారు. వీరగంధం పాట సభల్లో పాడుకున్నారు. పాడినోళ్ళలో ఎంతమంది శంబూక వధ చదివారో మీరే అంచనా వేసుకోండి.

నాకు వీటన్నిటికంటే పెద్ద గౌరవంగా కనపడేది ఆయన కొడుకు చేసిన పని. గోపీచంద్ చిన్నప్పుడే తల్లి పోయింది, తండ్రి నీడలో పెరిగాడు. అసమర్థుని జీవయాత్ర నవల రాసి, దాన్ని తండ్రికి అంకితం ఇచ్చాడు. ఎందుకు అని అడగటం నేర్పించినందుకంట. ఆస్తి ఇచ్చినందుకని కాదు, పేరు ఇచ్చినందుకని కాదు. ఇంకో విచిత్రం చెబుతా. ఆ కొడుకు మొదట్లో తండ్రి లాగే హేతువాది, ఎం.ఎన్.రాయ్ పార్టీలో పని చేశాడు. తర్వాత తర్వాత అరవిందుడి ఆలోచనల వైపు, ఆధ్యాత్మికం వైపు జరిగాడు. తండ్రి నేర్పిన ప్రశ్న పట్టుకుని, తండ్రి దారినే ప్రశ్నించి పక్కకి వెళ్ళాడన్నమాట. కొంతమంది దీన్ని ఓటమంటారు. నాకట్టా అనిపించదు. జవాబులు వారసత్వంగా ఇస్తే పిల్లోడు భక్తుడవుతాడు. ప్రశ్న ఇస్తే మనిషవుతాడు, ఆ మనిషి ఎటు పోతాడో మన చేతిలో ఉండదు.

ఫ్లెక్సీ మీద ఉన్నంత సేపు కవిరాజు ఒక కులం పెద్ద. ఫ్లెక్సీ మీద బొమ్మ ఎవుర్నీ ఏమీ అడగదు, అందుకే అందరికీ సుఖంగా ఉంటది. కిందికి దించితే ఆయన మన పక్కన టీ కొట్టు బల్ల మీద కూర్చుంటాడు. అప్పుడు ఫ్లెక్సీ కట్టినోణ్ణే అడుగుతాడు, నా పుస్తకంలో కులమడిగి తల నరికిన కత చదివి కూడా నా బొమ్మ కింద కులం పేరు ఎందుకు రాశావని. మిగతా వీధులోళ్ళనీ అడుగుతాడు, నా పుస్తకం మీ బీరువాలో ఎందుకు లేదని.

మీ మండల గ్రంథాలయానికి పోయి శంబూక వధ ఉందేమో చూడండి. లేకపోతే కావాలని కాగితం పెట్టండి, తెప్పించటం వాళ్ళ పని. పద్యాలు కష్టంగా ఉంటే నాటకాలు ఆడిన ముసలాళ్ళు ఇంకా ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు ఉన్నారు, పిలిచి చదివించుకోండి. వాళ్ళకీ సంతోషం. వాళ్ళు పోయాక ఆ గొంతు మళ్ళీ దొరకదు.

మా వీధి పిల్లోడికి ఆ రోజు జవాబు చెప్పలేకపోయా. తర్వాత వెతికి, పెళ్ళిలో పలికించే ఆ సంస్కృతం మాటలకి తెలుగు అర్థం తెలిసినంత వరకు కాగితం మీద రాసిచ్చా. భార్యాభర్తలిద్దరూ కూర్చుని చదువుకున్నారంట. చదివి, ఆ అమ్మాయి ఒక చోట వేలు పెట్టి, ఇది నేను ఒప్పుకోనని చెప్పిందంట. వాడు నవ్వుతా నాకు ఆ సంగతి చెప్పాడు. తెనాలిలో ఒకాయన ఇది వింటే ఎంత మురిసిపోయేవాడో.